ముడత పడకముందే సూది వేయించుకోవాలా?

తూనీగ:
నా వయసు 29. మొటిమల మచ్చలు చూపించుకుందామని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన మచ్చల సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి నా చేతికి అద్దం ఇచ్చారు. "ఒకసారి కనుబొమలు ముడవండి" అన్నారు. ముడిచాను. మధ్యలో రెండు నిలువు గీతలు పడ్డాయి. "ఇప్పుడైతే మామూలుగా చూడగానే పోతున్నాయి. పదేళ్ళు పోతే అక్కడే ఉండిపోతాయి. ఇప్పుడే బొటాక్స్ ఇంజెక్షన్లు మొదలుపెడితే అసలు రావు" అన్నారు.

ఆ రోజు దాకా నా నుదురు ఎలా ఉంటుందో నేను పట్టించుకున్నదే లేదు. ఇప్పుడు రెండు వారాలుగా పళ్ళు తోముకుంటున్నా, లిఫ్ట్ అద్దంలో చూసుకున్నా కళ్ళు అక్కడికే పోతున్నాయి. "నువ్వు బాగానే ఉన్నావు" అని ఇంట్లో అందరూ చెప్పేశారు. దాంతో టెన్షన్ తగ్గలేదు. నేను అడిగేది ఒక్కటే. ముడతలు పడ్డాక వేయించుకోవడం వేరు, పడకముందే వేయించుకోవడం వేరు కదా? ఈ ముందుజాగ్రత్త అనే మాటలో నిజం ఎంత?

సాయంసంధ్య:
నాకు 52. ఆరేళ్ళుగా వేయించుకుంటున్నాను, దాచుకోవాల్సిన పనేమీ లేదు. నా కనుబొమల మధ్య గీతలు ఎంత లోతుగా ఉండేవంటే, ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తున్నా "ఏమైంది, ఎవరి మీద కోపం?" అని అడిగేవాళ్ళు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి రావడానికి భయపడేవాళ్ళని చాలా కాలానికి తెలిసింది. లోపల మనసు ప్రశాంతంగా ఉన్నా ముఖం ఇంకేదో చెప్తుంటే ఎంత కష్టంగా ఉంటుందో పడిన వాళ్ళకే తెలుసు.

తూనీగా, ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. నరం కండరాన్ని ముడుచుకోమని చెప్పేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. ఈ మందు ఆ రసాయనాన్ని నరం కొసలోంచి బయటికి రానివ్వదు. కండరం ముడుచుకోదు, దాని మీది చర్మం మడత పడదు. మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది, రెండు వారాలకు పూర్తిగా పట్టుకుంటుంది, మూడు నాలుగు నెలలకు వదిలేస్తుంది. ఒకే బట్టను ఏళ్ళ తరబడి ఒకే చోట మడత పెడితే ఆ గీత ఇస్త్రీకి కూడా పోదు. మడతే పెట్టకపోతే గీత ఎక్కడిది? 2006లో ఒకేలాంటి కవల అక్కచెల్లెళ్ళ గురించి ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఒకామె 13 ఏళ్ళు క్రమం తప్పకుండా వేయించుకుంది, రెండో ఆమె ఆ కాలంలో రెండే సార్లు. ముఖం కదపకుండా ఉన్నప్పుడు మొదటామె నుదుటి మీద గీతలు లేవు, రెండో ఆమెకు కనబడుతున్నాయి. నాకు 30 ఏళ్ళప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పాతచెట్టు:
సంధ్య గారూ, మీరు వేయించుకోవడం మీద నాకు ఒక్క మాట అభ్యంతరం లేదు. మీకు బాధ ఉంది, దానికి మందు తీసుకున్నారు. కానీ ఈ అమ్మాయికి బాధే లేదు. డాక్టర్ అద్దం ఇచ్చి మరీ బాధను చూపించారు. మచ్చల కోసం వెళ్ళిన మనిషి నుదుటి మీద దిగులుతో ఇంటికి రావడం వైద్యం ఎలా అవుతుంది?

నేను వినికిడి లేని పిల్లలకు చదువు చెప్తాను. చాలా సంజ్ఞా భాషల్లో కనుబొమలు వ్యాకరణంలో భాగం. చేతులు అదే మాట చెప్తున్నా బొమలు పైకి లేస్తే అది ప్రశ్న అవుతుంది. మా దగ్గర పనిచేసే ఒకావిడ నుదుటికి వేయించుకుని వచ్చింది. "పుస్తకం తెచ్చావా?" అని ఒక ఏడేళ్ళ పాపను అడిగింది. పాప తల ఊపి ఊరుకుంది. మళ్ళీ అడిగింది, మళ్ళీ తల ఊపింది. మూడోసారి తల ముందుకు వంచి, కళ్ళు బాగా పెద్దవి చేసి అడిగితే అప్పుడు సంచిలో చెయ్యి పెట్టింది. మొదటి రెండుసార్లూ పాపకు అది ప్రశ్నలా కనబడలేదు, "పుస్తకం తెచ్చావు" అన్నట్టు కనబడింది. నోటితో మాట్లాడే మనకు కూడా ముఖం సగం మాట చెప్తుంది. 29 ఏళ్ళకు ఆ సగాన్ని ఎందుకు తగ్గించుకోవాలి?

పైగా అది విషం. కండరాలను చచ్చుబడేసే బొట్యులిజం అనే జబ్బు తెప్పించే సూక్ష్మజీవి వదిలే విషం. ముడతల కోసం విషాన్ని ముఖంలోకి ఎక్కించుకోవడం నా మనసుకు ఎక్కదు.

సూదిమందు:
14 ఏళ్ళు చర్మ వైద్యశాలలో నర్సుగా చేశాను, ఇప్పుడు మానేశాను. కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడాల్సిన అవసరం లేదు.

పాతచెట్టు గారూ, విషం అన్నది నిజమే. కానీ ఆ ఒక్క మాటతో తేల్చేయకండి. ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ దీన్ని మెల్లకన్ను సరిచేయడానికి తెచ్చారు. 1989లో అమెరికాలో మొదటి అనుమతి వచ్చింది మెల్లకన్నుకూ, ఆగకుండా మూసుకుపోయే కనురెప్పలకూ. ముడతల సంగతి తెలిసింది పక్కదారిలో. కెనడాలో జీన్ కరూథర్స్ కూడా కంటి డాక్టరే. రెప్పలకు ఇంజెక్షన్ వేయించుకునే ఒకావిడ "ఇక్కడ వేస్తే నా ముఖం ప్రశాంతంగా కనిపిస్తోంది" అని నుదురు చూపించడంతో, జీన్, చర్మ వైద్యుడైన ఆమె భర్త కలిసి దాని మీద పనిచేసి 1992లో ప్రచురించారు. బొమల మధ్య గీతలకు అమెరికాలో అనుమతి 2002లో వచ్చింది. దీర్ఘకాలిక మైగ్రేన్‌కూ, చంకల్లో విపరీతమైన చెమటకూ ఇదే మందు. విషమా మందా అన్నది మోతాదు తేలుస్తుంది. బొమల మధ్యకు వేసేది 20 యూనిట్లు, ఐదు చోట్ల నాలుగేసి.

నన్ను భయపెట్టేది మందు కాదు, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతిలో ఉంది అన్నది. వయల్, అంటే మందు సీసా, చేతిలోకి తీసుకుని చూస్తే ఖాళీ సీసానేమో అనిపిస్తుంది. అడుగున పల్చటి పొరలా ఉంటుందంతే. బొటాక్స్ వయల్‌లో గాలి తీసేసి ఉంటుంది, అందుకని రబ్బరు మూతలోకి సెలైన్ సూది గుచ్చగానే సీసా దానంతటదే నీళ్ళను లాక్కోవాలి. లాక్కోలేదంటే ఆ సీసా పారేయాలి. నేనైతే రెండుసార్లు పారేశాను, ఒకసారి దానికి మాట కూడా పడ్డాను. కలిపేటప్పుడు గట్టిగా కుదపకూడదు, మెల్లగా తిప్పాలి. కలిపిన టైము లేబుల్ మీద రాసి ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయాలి. మీ కళ్ళ ముందు కలపమని అడగండి. సంకోచం వద్దు, అది మీ ముఖం. 2004లో ఫ్లోరిడాలో మనుషులకు వాడకూడని, పరిశోధనలకు ఉద్దేశించిన ఇదే విషాన్ని ఎక్కించి నలుగురిని బొట్యులిజంతో ఆస్పత్రి పాలు చేశారు. 2024లో కూడా నకిలీ సరుకు, అర్హత లేని చేతులు కలిసి అమెరికాలోనే 11 రాష్ట్రాల్లో 22 మంది జబ్బు పడ్డారు.

ఇక ముందుజాగ్రత్త గురించి. తూనీగా, కాగితం మీద ఒక లెక్క వేసుకో. మూడు నాలుగు నెలలకు ఒకసారి అంటే ఏడాదికి కనీసం 3. ఇప్పటి నుంచి 50 వచ్చేదాకా 63 సార్లు. రాని గీత కోసం 63 సార్లు సూది. దాంట్లో ఏ ఒక్కసారి పొరపాటు జరిగినా అది నువ్వు తప్పించుకోగలిగిన పొరపాటే.

వానచినుకు:
ఆ పొరపాటు నాకు జరిగింది. వేయించుకున్న ఐదో రోజు పొద్దున లేచేసరికి కుడి కన్ను సగమే తెరుచుకుంది. నిద్రమత్తు అనుకుని చన్నీళ్ళు కొట్టుకున్నాను. రెప్ప లేవలేదు. వేలితో ఎత్తితే లేస్తుంది, వదిలేస్తే వాలిపోతుంది. ఫోన్ చేస్తే క్లినిక్ వాళ్ళు "మీరు రుద్ది ఉంటారు" అన్నారు. నేను రుద్దలేదు. వేరే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే, మందు కిందికి పాకి రెప్పను ఎత్తే కండరానికి తగిలిందని చెప్పి, రెప్ప కాస్త లేవడానికి చుక్కలు రాసిచ్చారు. వేసుకున్న కాసేపు ఒక మిల్లీమీటరో రెండో లేచేది. చదువుకోవాలంటే రెప్పకు ప్లాస్టర్ అంటించుకునేదాన్ని. ఆరు వారాలు అలా గడిచాయి.

దానంతటదే తగ్గిపోయింది, నిజమే. "తాత్కాలికమే" అని అందరూ ధైర్యం చెప్పారు. ఆ ఆరు వారాల్లో రెండు పెళ్ళిళ్ళకూ ఒక ఇంటర్వ్యూకీ నేను ఆ కన్నుతోనే వెళ్ళాను.

సాయంసంధ్య:
చినుకూ, చదువుతుంటే బాధేసింది. పైగా తప్పు నీ మీదకు నెట్టారు చూడు, అది ఇంకా ఘోరం. కానీ అలా జరిగేది కొద్దిమందికే అన్నది కూడా ఇక్కడ చెప్పాలి కదా.

సూదిమందు:
చెప్పాలి. అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో, బొమల మధ్య వేయించుకున్న వాళ్ళలో రెప్ప వాలింది 3 శాతం మందికి. నేర్పరి చేతిలో ఇంకా తక్కువే. అలాగే నుదుటి విషయంలో ఒక మాట. బొమలను పైకి ఎత్తే కండరం నుదుటి మీద ఉన్నది ఒక్కటే. అక్కడ ఎక్కువ వేస్తే బొమలు బరువై కిందికి దిగుతాయి. పాతచెట్టు గారు చెప్పిన టీచర్‌కు జరిగింది అదే అయ్యుండాలి. తక్కువ వేస్తే కదలిక కొంత మిగులుతుంది.

పాతచెట్టు:
ఆ కవలల సంగతికి నా జవాబు బాకీ ఉంది. ఒక్క జంటను చూసి అందరికీ ముందుజాగ్రత్త అని ఎలా చెప్తాం? ముఖం ముదరడంలో ఎండదే పెద్ద చెయ్యి. 2012లో ఒక లారీ డ్రైవర్ ఫొటో వైద్య పత్రికలో వచ్చింది. 28 ఏళ్ళు కిటికీ పక్కన కూర్చుని నడిపాడు. కిటికీ వైపు చెంప ముడతలు పడి వేలాడుతోంది, రెండో వైపు అంత లేదు. మనిషి ఒక్కడే, ముఖంలోని రెండు సగాల మధ్య ఎంతో వయసు తేడా ఉన్నట్టుంది. ఆ ఎండను ఏ సూదీ ఆపలేదు.

సాయంసంధ్య:
ఒక్క జంట కవలలు చాలకపోతే ఒక్క లారీ డ్రైవర్ మాత్రం ఎలా చాలుతాడండీ?

పాతచెట్టు:
న్యాయమైన మాట. అయితే పెద్ద లెక్కే తీసుకుందాం. ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా మనుషులను, 55 ఏళ్ళ లోపు వాళ్ళను, నాలుగున్నరేళ్ళు గమనించారు. సగం మందిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతా సగాన్ని వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్న వాళ్ళలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ అని 2013లో ప్రచురించారు. ముందుజాగ్రత్త అన్న మాటకు అర్హత దీనికి ఉంది. తూనీగకు ఆ డాక్టర్ సన్‌స్క్రీన్ మాట ఎత్తారా అన్నది నా ప్రశ్న.

సాయంసంధ్య:
సన్‌స్క్రీన్ రాసుకోవద్దని నేనెప్పుడూ అనలేదు, నేనూ రాసుకుంటాను. కానీ బొమల మధ్య గీత ఎండతో మాత్రమే పడదు, ముడవడంతో పడుతుంది. నా గీతలు ఎంత ముదిరిపోయాయంటే, మందు పట్టాక కూడా వెలుతురు పక్కనుంచి పడితే సన్నటి గాటు కనిపిస్తుంది. కదలికను సూది ఆపగలదు కానీ చర్మంలో దిగిపోయిన గాటును పూర్తిగా చెరపలేదు. అందుకే త్వరగా మొదలుపెట్టమంటున్నాను. 29కే అనను, ముఖం మామూలుగా పెట్టినా గీత సన్నగా మిగలడం మొదలైన రోజున.

సూదిమందు:
ఇప్పుడు సంధ్య గారన్నదానితో నాకు పేచీ లేదు. ముఖం కదపకుండా ఉన్నప్పుడు కనిపించే గీతకూ, కదిపితేనే కనిపించే గీతకూ తేడా అదే. రెండోది ముడత కాదు, హావభావం. చిన్నపిల్ల బొమలు ముడిచినా గీతలు పడతాయి. ఇంగ్లండ్‌లో 18 ఏళ్ళ లోపు వాళ్ళకు అందం కోసం బొటాక్స్, ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్ లాంటిది) వేయడాన్ని 2021 అక్టోబరు నుంచి నేరం చేశారంటే, ఆ వయసు వాళ్ళు కూడా వెళ్తున్నారనే కదా. నా చేతులతో ఎంతోమందికి ట్రే సర్దాను. 50 దాటిన వాళ్ళు అద్దం చూసుకుని నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. ఇరవైల్లో ఉన్న పిల్లలు చూసుకుని "ఇక్కడ కూడా ఏదో ఉంది కదా?" అని ఇంకో చోటు చూపించేవాళ్ళు. అది మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

తూనీగ:
మళ్ళీ వెళ్ళాను. సన్‌స్క్రీన్ గురించి నేను అడిగేదాకా ఆయన చెప్పలేదు, పాతచెట్టు గారి అనుమానం నిజమే. తర్వాత సూటిగా అడిగాను: "ఇప్పుడు మొదలుపెట్టకుండా 40 ఏళ్ళకు వస్తే నాకు ఏం నష్టం?" కాసేపు ఆలోచించి, "గీత కొంచెం దిగి ఉంటుంది, మెత్తబడటానికి కొన్నిసార్లు ఎక్కువ పట్టొచ్చు, అంతే" అన్నారు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే రెండు వారాల నిద్ర మిగిలేది.

ఇప్పుడైతే వేయించుకోవట్లేదు. ఎప్పటికీ వద్దని కూడా అనుకోవట్లేదు. మచ్చలకూ సన్నటి గీతలకూ పనికొస్తుందని ట్రెటినోయిన్ క్రీమ్ రాసిచ్చారు. అది రాసుకుంటే చర్మం ఎర్రబడి పొట్టు లేస్తోంది, ఆపేయాలా?

సూదిమందు:
మొదట్లో చాలామందికి అలాగే ఉంటుంది. రోజూ కాకుండా మూడు రాత్రులకు ఒకసారి, ముఖం కడుక్కుని బాగా తడి ఆరాక, వేలి కొస మీద పట్టేంతే ముఖమంతటికీ రాయి. మంట తగ్గకపోతే మీ డాక్టర్‌కు చూపించు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. పిల్లల కోసం అనుకున్నప్పుడు మాత్రం ముందే ఆపేయాలి, ఇది ఆయన చెప్పారో లేదో.

తూనీగ:
చెప్పలేదు. రాసి పెట్టుకున్నాను, థాంక్స్ అక్కా.