గేమ్ కంట్రోలర్‌తో ఏఐ కోడింగ్ అసిస్టెంట్: పొరపాటున ‘ఓకే’ పడకుండా ఎలా?

మణికట్టు నొప్పి భరించలేక, మూలన పడేసిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని మళ్లీ బయటికి తీశాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) నడిచే ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌తో నేను టైప్ చేసేది ఎలాగూ తక్కువే. అది అడుగుతుంది, నేను సరే అంటాను, లేదంటే ఆపుతాను. లినక్స్‌లో యాంటీమైక్రోఎక్స్ (కంట్రోలర్ బటన్లను కీబోర్డ్ కీలుగా మార్చే ప్రోగ్రామ్) పెట్టి ‘ఎ’ బటన్‌కి ఎంటర్, ‘బి’కి ఎస్కేప్, డీ-ప్యాడ్‌కి బాణం కీలు ఇచ్చాను. ఎడమ ట్రిగ్గర్ పట్టుకుని మాట్లాడితే డిక్టేషన్ పని చేస్తుంది. తెలుగు, ఇంగ్లిష్ కలిపి మాట్లాడితే అది రాసేది చూసి నవ్వుకోవాల్సిందే, అది వేరే కథ.

నిన్న కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతుంటే బొటనవేలు ‘ఎ’ మీద పడింది. సరిగ్గా అప్పుడే అసిస్టెంట్ ఒక ఫోల్డర్ మొత్తం తుడిచేయడానికి అనుమతి అడుగుతోంది. అంతకుముందే గిట్‌లో కమిట్ చేశాను (అంటే కోడ్ అప్పటి రూపాన్ని భద్రపరిచాను) కాబట్టి బతికిపోయాను, లేకపోతే గోవిందా!

ఎంటర్‌ని ‘హోల్డ్’లో పెట్టి, సెకను పాటు నొక్కితేనే పడేలా చేశాను. ప్రమాదం తప్పింది కానీ చిన్నచిన్న అనుమతులకి కూడా అంతసేపు నొక్కాలంటే విసుగొస్తోంది. కుడి బంపర్ పట్టుకున్నప్పుడు మాత్రమే వేరే సెట్‌కి (ఇంకో బటన్ల అమరికకి) మారి ‘ఎ’ పనిచేసేలా ఎవరైనా పెట్టుకున్నారా? రోజంతా వాడితే వేళ్లు నొప్పెడతాయా?

ఇంకోటి. అసిస్టెంట్ నా జవాబు కోసం ఆగినప్పుడు కంట్రోలర్ వైబ్రేట్ అయితే బాగుంటుంది. స్క్రిప్ట్‌తో చేసినవాళ్లుంటే దారి చెప్పండి ప్లీజ్.