పడ్డ చోటే మళ్ళీ పడుతున్నాం: బల్లలో చెయ్యి వేయొచ్చా?

చివరి_బెంచి (ఖమ్మం):
అందరికీ వందనాలు. నాది కోపం. బయట నన్ను శాంతమూర్తి అంటారు, ఇంట్లోనే ఈ రోగం. స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటే పిల్లాడు ఇంకో సాక్సు కోసం మంచం కింద దూరాడంటే చాలు, నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. వాడు వెళ్ళాక మోకాళ్ళూని ఏడుస్తాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే పాట. కొన్ని నెలలుగా ప్రభు బల్లలో (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో) చెయ్యి వేయట్లేదు, పళ్ళెం వస్తే పక్కావిడకి అందించేస్తున్నా. ఒకే పాపాన్ని ఏ మొహం పెట్టుకుని ఒప్పుకోవాలి? మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

కృష్ణ_ఒడ్డు:
అక్కా, బైబిల్లో కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీ 11:28 ఇంకోసారి చదవండి. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని..." పరీక్షించుకుని మానెయ్యమని లేదు. అక్కడ పౌలు గద్దించింది ఎవరిని? పేదవాళ్ళు ఆకలితో చూస్తుంటే తమ భోజనం తాము ముందే తినేసి, మత్తెక్కి కూర్చున్నవాళ్ళని. ఏడ్చి వచ్చినవాళ్ళని కాదు. మా అమ్మమ్మ తోడికోడలితో మాట పట్టింపు వస్తే ఆ నెల బల్ల మానేసేది. వెళ్ళి మాట్లాడటం మాత్రం చేసేది కాదు!

యొర్దాను_ఆవల:
కాస్త కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు" అని రోమా 6లో ఉంది. పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందన్నాడు, తీసెయ్యమని వేడుకుంటే "నా కృప నీకు చాలును" అని ప్రభువు జవాబిచ్చాడు. ఆ ముల్లు ఏమిటో బైబిల్ చెప్పలేదు. మన కోపాన్నీ తాగుడునీ ఆ ముల్లు ఖాతాలో రాసుకుని ఆ మాటతో సరిపెట్టుకోవడం ఈమధ్య ఎక్కువైంది. మీకది బలహీనత సిస్టర్, ఆ పిల్లాడికి పొద్దున్నే తగిలే దెబ్బ. దేవుని దగ్గర ఏడ్చారు సరే, వాడిని క్షమించమని అడిగారా?

చివరి_బెంచి:
లేదన్నా. సాయంత్రం చాక్లెట్ కొనిస్తున్నా, అంతే.

పాత_లారీ:
నాది తాగుడు. ఒకసారి ఉపవాస కూడికలో అందరి ముందు సాక్ష్యం చెప్పాను, "ఇక ముట్టను" అని. సంఘమంతా చప్పట్లు. ఆ సాక్ష్యమే మెడకి చుట్టుకుంది. మళ్ళీ తాగాక ఎవరికీ మొహం చూపించలేక మందిరానికే వెళ్ళడం మానేశా.

ఇంకోసారి ఉపవాసం ఉండి, ఒక్కసారిగా మానేశా. రెండో రోజుకి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, ఆ రాత్రి ఫిట్స్. దయ్యమని కొందరు బ్రదర్స్ గద్దించడం మొదలుపెట్టారు. పాస్టరమ్మగారు నర్సుగా చేసినావిడ. వాళ్ళని పక్కకి జరిపి ఆటో పిలిపించింది. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళు ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి రావచ్చట, డాక్టరు చూస్తుండగా మందులతో ఆపాలట. ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఉపవాసంతో ప్రయోగాలు చెయ్యొద్దు. ఆస్పత్రికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

తర్వాత హైదరాబాదులో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్ళాను, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే బృందం. 1935లో అమెరికాలో మొదలైంది అది. వాళ్ళ మొదటి మెట్టే "మా చేత కాదు" అని ఒప్పుకోవడం. మన సంఘాల్లో నేను చెప్పలేకపోయిన మాట అదే. వైన్ వాడే చోట బల్లకి వెళ్తే రొట్టె తీసుకుని పాత్ర వదిలేస్తాను. మా మందిరంలో ద్రాక్షరసమే, బెంగ లేదు.

గుణదల_మెట్లు:
మేం కథోలికులం. మాకు పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఉంది కాబట్టి సులువనుకుంటారు, అదేం లేదు. ప్రతిసారీ అదే చిట్టా చదవాలంటే సిగ్గేస్తుంది. నాది చాడీలు. ఒకసారి ఫాదర్‌గారు మందలిస్తారనుకుంటే "ఏ వేళలో నోరు జారుతోందమ్మా?" అని అడిగారు. ఆలోచిస్తే, మధ్యాహ్నం వంట సర్దేశాక మా చెల్లితో ఫోన్‌లో. "అయితే రాత్రి పశ్చాత్తాప ప్రార్థన సరే, ఆ ఫోన్‌కి ముందు ఒక పరలోక జపం చెప్పుకో" అన్నారు. పూర్తిగా పోలేదు గానీ, కొన్ని మాటలు గొంతులోనే ఆగుతున్నాయి. ఖమ్మం అక్కకి నా సలహా: సాక్సులు రాత్రే తీసి బూట్లలో పెట్టండి. పరిశుద్ధాత్ముడు వచ్చి మంచం కింద వెతకడు కదా!

కృష్ణ_ఒడ్డు:
యొర్దాను అన్నకి ఒక మాట. సంఖ్యాకాండం 12లో మోషే భూమిమీదనున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడు. అదే మనిషి కోపంలో దేవుడిచ్చిన పది ఆజ్ఞల పలకలు పగలగొట్టాడు, ఏళ్ళ తర్వాత మెరీబా దగ్గర నీళ్ళ కోసం బండతో మాట్లాడమంటే కోపంతో దాన్ని కొట్టాడు. అలాంటివాళ్ళతో దేవుడు పని మానేశాడా?

యొర్దాను_ఆవల:
మానలేదు. కానీ మెరీబా వల్ల, ఇస్తానన్న కనాను దేశంలో మోషేని అడుగుపెట్టనివ్వలేదు కూడా. రెండూ కలిపి చెప్పండి తమ్ముడూ. నేను సిస్టర్‌ని బల్ల మానమనట్లేదు. మత్తయి 5లో ఉన్నట్టు ముందు వెళ్ళి నొచ్చుకున్న సహోదరుడితో సమాధానపడి, తర్వాత రమ్మంటున్నా. ఇక్కడ ఆ సహోదరుడు పదేళ్ళ పిల్లాడు.

చివరి_బెంచి:
ఎనిమిదేళ్ళు అన్నా. అడుగుతాను, రేపు వ్యాన్ రాకముందే. లారీ అన్నా, మళ్ళీ తాగాలనిపిస్తే ముందు ఎవరికి చెబుతారు? పాస్టరుగారికా, వదినకా?

పాత_లారీ:
ఇద్దరికీ కాదమ్మా. వదినకి చెబితే రాత్రంతా నిద్రపోదు. మీటింగులో పరిచయమైన ఇంకో డ్రైవరున్నాడు, నాకంటే ముందు మానేసినవాడు. ఆయన హిందువు. ప్రార్థన చెయ్యమని అడగను, ఫోన్ పెట్టెయ్యకుండా మాట్లాడుతూ ఉండమంటా. పాస్టరుగారికి తెల్లారాక చెబుతా. ఆ డ్రైవర్ నంబరు బండి డాష్‌బోర్డు మీద రాసుకున్నా, ఎందుకంటే ఆ టైములో ఫోన్‌లో పేరు వెతకడానికి కూడా చేతులు సరిగ్గా ఆడవు.