రోటరీ సేవా కార్యక్రమం: సింగ్‌నగర్ బడికా, మలావీ ఆరోగ్య కేంద్రానికా?

ప్రశ్న: పటమటవాసి, విజయవాడ

రాబోయే జూలై 1 నుంచి మా రోటరీ క్లబ్‌లో సేవా కార్యక్రమాల బాధ్యత నాకు అప్పగించారు. బాధ్యత ఇంకా చేతికి రాకముందే తగవు వచ్చి పడింది కాబట్టి, ఇలాంటి పనుల్లో అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

మా ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది అజిత్‌సింగ్‌నగర్‌లోని ఒక పురపాలక పాఠశాలలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా మునిగినప్పుడు ఆ బడిలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మరుగుదొడ్ల గుంత బురదతో పూడిపోయింది, తలుపులు అడుగున ఉబ్బి ఊడిపోయాయి, ఇప్పుడు పనికొచ్చేవి రెండే మిగిలాయి. రెండోది ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక పల్లె ఆరోగ్య కేంద్రానికి బోరు వేసి సోలార్ మోటారు బిగించడం. గుంటూరు పొగాకు వ్యాపారంలో పెరిగి ఇప్పుడు అక్కడ స్థిరపడిన మా సభ్యుని తమ్ముడొకరు ఈ సంగతి మా దృష్టికి తెచ్చారు. అక్కడ కాన్పుల గది ఉంది గాని కుళాయి లేదు, నొప్పులతో వచ్చిన మనిషి వెంట ఉన్నవాళ్లే దూరాన ఉన్న చేతిపంపు నుంచి బకెట్లతో నీళ్లు మోసుకురావాలి.

గత వారం సమావేశంలో మా పెద్దాయన ఒకరు "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని తేల్చేశారు. దానికి ఇంకొకరు, వరదప్పుడు ట్రాక్టర్ల మీద మన వీధుల్లోకి వచ్చిన పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు ఏ ఊరివో అడిగి తిన్నామా అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ తరువాత గంటసేపు ఎవరి మాట ఎవరూ వినలేదు.

ఏటా మేము రోటరీ ఫౌండేషన్‌కు (రోటరీ వారి అంతర్జాతీయ సేవా నిధి సంస్థకు) కట్టే సొమ్ము నిజంగా ఎక్కడికి పోతోంది? మా క్లబ్ ఖాతా నుంచి మలావీకి నేరుగా పంపవచ్చా? ఇంతకంటే ముఖ్యంగా, ఇటువంటి రెండు పనుల మధ్య మీరైతే దేన్ని బట్టి నిర్ణయిస్తారు?

జవాబు: బ్రాడీపేట ఆడిటరు, గుంటూరు

పటమటవాసి గారూ, నేను మా క్లబ్‌కు ఆరేళ్లు కోశాధికారిగా ఉన్నాను కాబట్టి డబ్బు సంగతి మాత్రం చెబుతాను.

ఫౌండేషన్ వార్షిక నిధికి మీరిచ్చిన సొమ్ము ఆ ఏడాదే ఖర్చయిపోదు. దాన్ని మూడేళ్లు మదుపులో ఉంచి, ఆ పైన కొంత నిర్వహణకు తీసి, మిగిలినదాన్ని రెండు సమభాగాలు చేస్తారు. ఒక భాగం ప్రపంచ నిధికి వెళుతుంది, రెండో భాగం మీ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు రోటరీ క్లబ్బులన్నీ కలిసిన విభాగం) పేరిట తిరిగి వస్తుంది. కనుక "మన డబ్బంతా బయటి దేశాలకు పోతోంది" అనే మాట సరికాదు. (1917లో అప్పటి రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ ప్రతిపాదించిన ఈ ఫౌండేషన్ నిధికి మొట్టమొదట అందిన విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఈనాటి మారకంలో అది మన వారపు సమావేశం ఇడ్లీ కాఫీలకు బొటాబొటిగా సరిపోతుంది.)

ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు కావాలంటే పని విలువ కనీసం 30,000 డాలర్లు, అంటే మన లెక్కలో పాతిక లక్షల పైమాటే ఉండాలి. పని జరిగే దేశంలోని క్లబ్ ఒకటి, బయటి దేశపు క్లబ్ ఒకటి కలిసి దరఖాస్తు చేయాలి. డిస్ట్రిక్ట్ తన వాటా నుంచి ఎంత పెడితే ప్రపంచ నిధి అందులో 80 శాతం కలుపుతుంది, సభ్యులు చేతి నుంచి వేసే నగదుకు మాత్రం ఇప్పుడు ఆ జత లేదు. మరుగుదొడ్ల పని గ్రాంటు స్థాయికి పెరిగితే మీరు ఇక్కడి క్లబ్ అవుతారు, బయటివారెవరో మీకు తోడు రావాలి. మలావీ పనిలో ఆ తోడు మీరే అవుతారు. మీ పెద్దాయన ఇల్లు, రచ్చ అని విడదీసినవి ఈ పద్ధతిలో ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు. ఒక్క బడి మరుగుదొడ్లకు పాతిక లక్షలు అక్కరలేదనుకుంటే డిస్ట్రిక్ట్ గ్రాంటు అడగండి, అది చిన్న పనులకు చాలు.

నేరుగా పంపే ఆలోచన మానుకోండి. సేవా ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల బోర్డు ముందస్తు ఆమోదం ఉంటే తప్ప, ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు వర్తించదు. వ్యక్తిగా పంపదలచుకున్నవారికి రిజర్వు బ్యాంకు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు వెసులుబాటు ఇచ్చింది గాని, దాన్ని క్లబ్ పనితో కలిపి లెక్క చెడగొట్టుకోవద్దు. అవతలి నుంచి మనకు వచ్చే సొమ్ముకైతే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, వచ్చినదాన్ని ఇంకొక సంస్థకు బదలాయించకూడదు, పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. మంచి మనసుతో ఎవరో పంపిన డాలర్లను మామూలు ఖాతాలో వేసుకుని, ఆ తరువాత సంజాయిషీలు రాసుకుంటూ తిరిగిన క్లబ్‌ను నేను చూశాను. ఇంకొక చిన్న మాట: సభ్యులు 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జి) రాదు, చెక్కు గాని ఆన్‌లైన్ చెల్లింపు గాని తీసుకోండి.

జవాబు: పల్నాటి మాస్టారు

నేను రోటరీ సభ్యుడిని కాను. ముప్పై ఏళ్లు బడిలో పనిచేసి ప్రధానోపాధ్యాయుడిగా విరమించిన నేను, సేవ అందుకున్న పక్షాన నిలబడి మాట్లాడుతున్నాను.

మా ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పట్నం నుంచి ఒక సేవా క్లబ్ వారు వచ్చి (ఏ క్లబ్బో అప్రస్తుతం) మా బడిలో ఆర్‌ఓ ప్లాంటు పెట్టించారు. రిబ్బను, ఫ్లెక్సీ, శాలువాలు, ఫొటోలు అన్నీ సవ్యంగా జరిగాయి. నల్లరాతి పలకం మీద పద్నాలుగు పేర్లు చెక్కించారు. ఏడాదిన్నర నీళ్లు తియ్యగా వచ్చాయి. తరువాత ధార సన్నబడింది, మెంబ్రేను (నీళ్లు వడగట్టే పొర) మూసుకుపోయిందని మెకానిక్ చెప్పాడు. పలకం మీది మొదటి పేరు గల అధ్యక్షునికి ఫోను చేస్తే, తన పదవీకాలం జూన్ 30తో అయిపోయిందని, కొత్తవారిని అడగమని మర్యాదగానే చెప్పారు. కొత్తవారు ఆ ఏడాది చెట్లు నాటే పనిలో ఉన్నారు, వారికి మా ప్లాంటు ఒకటుందనే తెలియదు. మూడో ఏడు వచ్చేసరికి ఆ గదిలో చీపుళ్లు, విరిగిన బల్లలు పెట్టుకున్నాం. పిల్లలు మధ్యాహ్నం ఆ పలకం వారన నీడలో కూర్చుని అన్నం తినేవారు. రాయి మాత్రం మంచి రాయి, ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

చివరికి ఊరి పెద్దలు నలుగురు కమిటీగా ఏర్పడి, సాయంత్రం పూట ఊరివారికి ఇరవై లీటర్ల క్యాను అయిదు రూపాయలకు ఇచ్చి, ఆ డబ్బుతో మెంబ్రేను మార్పించారు. ఈ పని మొదటి రోజే రాసుకుని ఉంటే మూడేళ్లు పోయేవి కావు. ప్లాంటు వదిలేసే ఉప్పునీరు ఎటు పోవాలో కూడా ఎవరూ ఆలోచించలేదు, అది బడి వెనక వేపచెట్టు మొదట్లో నిలిచి చెట్టును మాడ్చేసింది.

మీ సింగ్‌నగర్ బడి విషయంలో నా మనవి ఏమిటంటే, ఎన్ని మరుగుదొడ్లు కట్టాలని కాకుండా వాటిని రోజూ కడిగే మనిషి ఎవరు, ఆమె జీతం ఎక్కడి నుంచి వస్తుంది, సెలవు పెడితే ఎవరు వస్తారు అని ముందు అడగండి. మీరు అడగవలసింది ప్రధానోపాధ్యాయినిని ఒక్కరినే కాదు, ఎనిమిదో తరగతి ఆడపిల్లలను కూడా. పొద్దున ఇంటి నుంచి బయలుదేరాక సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా గడిపే పిల్లలను నేను చూశాను. దొడ్డికి వెళ్లవలసి వస్తుందేమోనన్న భయమే దానికి కారణం. మా బడిలో మరుగుదొడ్లు ఉండేవి, నీళ్లూ ఉండేవి, లోపలి గడియ మాత్రం ఊడిపోయి ఉండేది. ముప్పై రూపాయల గడియ.

మలావీ బోరు సంగతి నాకు తెలియదు గాని, మోటారు చెడిపోతే విప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఎంత దూరంలో ఉన్నాడో అక్కడి క్లబ్ వారిని అడగండి.

జవాబు: చుక్కలమందు, విజయవాడ

"మన డబ్బు బయటి దేశాలకు ఎందుకు" అన్న మాట దగ్గర ఆగిపోయి ఇది రాస్తున్నాను. నేను విశ్రాంత ఆరోగ్య కార్యకర్తను. 1995లో పల్స్ పోలియో మొదలైన నాటి నుంచి ఉద్యోగం విడిచే వరకు బుడమేరు కట్ట వెంట, రైల్వే స్టేషన్‌లో, నెహ్రూ బస్ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద ఐసు పెట్టె భుజాన వేసుకుని చుక్కలు వేశాను. సీసా మీద గుండ్రం లోపల చిన్న చతురస్రం ఉంటుంది. అది ముదిరి గుండ్రం రంగుకు వచ్చిందంటే ఆ మందు వేడికి పాడైనట్టు, దాన్ని పక్కన పెట్టాలి. బిడ్డ నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు, ఇంటి తలుపు మీద సుద్దతో రాత. రైలు దిగి పరిగెత్తే తల్లుల వెంట మేమూ పరిగెత్తేవాళ్లం. ఆ ఆదివారాల్లో మాకు టీలు, టోపీలు, జెండాలు తెచ్చి, మాతోపాటు ఎండలో నిలబడినవారిలో రోటరీ వారు ఉండేవారు.

ఆ పనికి డబ్బు మన ఊరి నుంచి మాత్రమే వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోటరీ 1985లో పోలియో నిధికి 12 కోట్ల డాలర్లు లక్ష్యంగా పెట్టుకుంటే, లోకమంతటి క్లబ్బుల నుంచి 24 కోట్లకు పైగా పోగయింది. మన విజయవాడ పేరు ఎన్నడూ వినని వారు వేసిన చందాలు అందులో ఉన్నాయి, వారి లెక్కలో మనదే బయటి దేశం. 1988లో ప్రపంచమంతా కలిసి పూనుకున్నప్పుడు ఈ వ్యాధి 125 దేశాలలో ఏటా సుమారు 3,50,000 మంది పిల్లలను పట్టుకునేది. మన దేశంలో సహజ వైరస్ చివరిసారి కనిపించినది 2011 జనవరి 13న, బెంగాల్‌లోని హౌరాలో. 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఇక్కడ ఆగిపోయినా పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్‌లలో ఇంకా ఆగలేదు కాబట్టి, మన పిల్లలకు నేటికీ చుక్కలు వేస్తూనే ఉన్నారు. దూరదేశంలో పని మిగిలిపోతే మన గుమ్మంలో ఏమవుతుందో ఆ సిరా గుర్తు పెట్టిన ప్రతి ఆదివారం మాకు తెలుస్తూనే ఉండేది.

జవాబు: మత్తు డాక్టరు, గుంటూరు

ఒక్క విషయం కలుపుతాను. బయటి దేశానికి సేవ అంటే డబ్బు పంపడమే కానక్కరలేదు. రోటరీ అంతర్జాతీయ అధ్యక్షునిగా పనిచేసిన రాజేంద్ర సాబూ చొరవతో 1998లో ఉగాండాతో మొదలై, మన దేశపు రోటరీ వైద్యులు ఆఫ్రికా దేశాలకు వెళ్లి శస్త్రచికిత్సలు చేసి వస్తున్నారు. అటువంటి ఒక యాత్రలో నేను పది రోజులు ఉన్నాను. కుట్ల దారం దగ్గర నుంచి మత్తు మందు వరకు మేమే మోసుకెళ్లాం, రోజంతా బల్ల దగ్గరే నిలబడ్డాం. అయినా నాకు మిగిలిన తృప్తి ఆపరేషన్ల సంఖ్య కాదు. అక్కడి యువ డాక్టరు ఒకడు వెన్నుకు మత్తు ఇవ్వడం తొమ్మిదో రోజుకు నా సాయం లేకుండా చేశాడు. మాస్టారు చెప్పిన మెంబ్రేను సమస్యకు ఇలా అక్కడివారికే పని నేర్పడం మందు అనుకుంటాను.

పటమటవాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న మా అధ్యక్షుడు, రాబోయే అధ్యక్షుడు, ఆ పై ఏడాదికి ఎన్నికైనవారు, ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాను. బడి మరుగుదొడ్లను డిస్ట్రిక్ట్ గ్రాంటుతో ఈ ఏడాదే చేపడతాం, మూడేళ్ల నిర్వహణ ఖర్చును వేరే ఖాతాలో ముందే జమ చేస్తాం, ముగ్గురూ సంతకం పెడతారు. మలావీకి ఇప్పుడు డబ్బు మాట లేదు. అక్కడి క్లబ్‌కు ఉత్తరం రాసి, ఊరివారితో మాట్లాడి అవసరాలు రాసి పంపమన్నాం, మోటారు మరమ్మతు ప్రశ్న కూడా అందులో ఉంది. వారి జవాబును బట్టి వచ్చే ఏడాది గ్లోబల్ గ్రాంటుకు భాగస్వాములుగా దరఖాస్తు చేస్తాం. పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు గాని, ఉత్తరం చిత్తుప్రతిలో ఇంగ్లీషు తప్పులు మాత్రం ఆయనే దిద్దారు.

మాస్టారూ, శిలాఫలకం వద్దంటే మా సభ్యులు ఊరుకునేలా లేరు. ఏం చేయమంటారు?

పల్నాటి మాస్టారు

పెట్టించండి, పేర్ల కింద మరమ్మతుకు ఫోను చేయవలసిన నంబరు కూడా చెక్కించండి, ఆ నంబరు ఏ వ్యక్తిదో కాకుండా క్లబ్‌దై ఉండాలి. గడియలు లోపలివైపు, ఆరో తరగతి పిల్లకు అందే ఎత్తులో పెట్టించండి. పది అదనంగా కొని ప్రధానోపాధ్యాయిని బీరువాలో ఉంచండి.