ఆసుపత్రి వ్యర్థాల బూడిదలో సీరియం 0.3 శాతం అని గన్ చూపిస్తోంది, నమ్మవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆసుపత్రుల వ్యర్థాలు కాల్చే ప్లాంటులో పనిచేస్తున్నాను. మా ఇన్సినరేటర్ అడుగు బూడిద కొంటానంటూ ఒకాయన వచ్చారు. చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో ఏ మూలకం ఎంతుందో చూపే పరికరం) బూడిద మీద పెట్టి చూపించారు. సీరియం 0.3 శాతం, లాంథనం 0.1 శాతం వచ్చాయి. బేరియం 2 శాతం, టైటానియం కూడా బాగానే చూపించింది. "ఇందులో రేర్ ఎర్త్ (సీరియం, లాంథనం, గడోలినియం లాంటి) లోహాలున్నాయి, మీరు ఊరికే పూడ్చేస్తున్నారు" అంటున్నారు. ఎంఆర్‌ఐ ఇంజెక్షన్లో గడోలినియం ఉంటుందని విన్నాను కాబట్టి నిజమేనేమో అనిపిస్తోంది. యాసిడ్‌తో మనమే తీయగలమేమో కనుక్కోమని మేనేజర్ గారు అడుగుతున్నారు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

పద్ధతి కష్టమేమీ కాదండీ. ఆమ్లంలో కరిగించి, వడపోసి, ఆక్సాలిక్ యాసిడ్ కలిపితే రేర్ ఎర్త్‌లు ఆక్సలేట్లుగా అడుగుకు దిగుతాయి. వాటిని బాగా వేడిచేస్తే ఆక్సైడ్లు వస్తాయి. ముందు ఒక కిలో బూడిదతో ప్రయత్నించి చూడండి.

రెండో జవాబు

ఆగండి, దయచేసి యాసిడ్ జోలికి అప్పుడే వెళ్లకండి. ఆ సీరియం అసలు ఉందో లేదో ముందు తేలాలి. మీరు రాసిన బేరియం, టైటానియం అంకెలు చూడగానే నాకు అనుమానం వచ్చింది.

గన్ చూసేది మూలకాన్ని కాదు, దాని నుంచి వచ్చే ఎక్స్‌రే శక్తిని. ఆ శక్తిని బట్టి సాఫ్ట్‌వేర్ పేరు పెడుతుంది. ఒక్కో మూలకం ఎల్-ఆల్ఫా, ఎల్-బీటా, కె-ఆల్ఫా వంటి పేర్లున్న కొన్ని శక్తుల దగ్గరే ఎక్స్‌రేలు ఇస్తుంది, వాటినే గీతలంటారు; గ్రాఫ్‌లో అవి శిఖరాల్లా కనబడతాయి. సీరియం ఎల్-ఆల్ఫా గీత 4.84 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. బేరియం ఎల్-బీటా గీత 4.83 దగ్గర. ఇంత దగ్గరగా ఉన్న రెండింటిని ఆ డిటెక్టర్ విడదీయలేదు. పోనీ బేరియం ఎంతో దాని మొదటి గీత చూసి లెక్కగడదామంటే అది 4.47 దగ్గర ఉంటుంది, సరిగ్గా దాని పక్కనే 4.51లో టైటానియం కూర్చుంటుంది. బేరియం లెక్క తప్పిందంటే మిగిలిన ఎత్తంతా సీరియం ఖాతాలో పడుతుంది. లాంథనం గీత 4.65, అదీ ఈ గుంపు మధ్యలోనే ఉంది. బేరియం, టైటానియం రెండూ దండిగా ఉన్న బూడిదలో సీరియం, లాంథనం కనిపించాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఆసుపత్రి చెత్తలో అంత బేరియం ఎక్కడిదని అడుగుతారేమో. ఒక కాథెటర్‌నో, ముక్కులోంచి వేసే గొట్టాన్నో తీసుకుని చూడండి, పొడవునా ఒక గీత ఉంటుంది. ఎక్స్‌రేలో గొట్టం ఎక్కడిదాకా వెళ్లిందో తెలియడానికి ఆ ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలుపుతారు. ఆపరేషన్లో రక్తం అద్దడానికి వాడే గాజ్ (పలచని నూలు) గుడ్డల్లోని నీలం దారంలోనూ అదే. ప్లాస్టిక్ కాలిపోయినా బేరియం బూడిదలో మిగులుతుంది. టైటానియం తెల్ల ప్లాస్టిక్ రంగులోది.

తేల్చుకోవడం సులువు. చాలా గన్‌లలో 50 కిలోవోల్టుల మోడ్ ఉంటుంది. అందులో కనీసం రెండు నిమిషాలు కొలిచి, అంకెలు కాకుండా స్పెక్ట్రమ్ గ్రాఫే చూపించమనండి. బేరియం కె-ఆల్ఫా 32.2 దగ్గర, సీరియం కె-ఆల్ఫా 34.7 దగ్గర వస్తాయి. ఇక్కడ రెండూ విడివిడిగా కనబడతాయి. 0.3 శాతం సీరియం నిజంగా ఉంటే 34.7 దగ్గర శిఖరం కనిపించి తీరాలి.

గడోలినియం సంగతి. ఎంఆర్‌ఐకి ఎక్కించిన మందు చాలావరకు ఒక రోజులోనే మూత్రంలో వెళ్లిపోతుంది. అంటే అది చేరేది మురుగునీటికి, మీ కొలిమికి కాదు. జర్మనీ నదుల్లో గడోలినియం మామూలుకన్నా ఎక్కువ ఉన్నట్టు 1996లోనే తేలింది. కిడ్నీ రోగులకు ఫాస్ఫేట్ తగ్గించడానికి ఇచ్చే లాంథనం కార్బోనేట్ దాదాపు అంతా మలంలో పోతుంది. మీ దాకా వచ్చేది ఖాళీ సీసాల్లో, సిరంజిల చివర మిగిలిన చుక్కలే.

మూడో జవాబు

ఒక సందేహం సార్. చైనా దక్షిణ ప్రాంతంలో 0.05 శాతం రేర్ ఎర్త్ ఉన్న మట్టినే తవ్వి తీస్తున్నారు కదా? ఇంకాస్త తక్కువున్నా బూడిద పనికిరాదా? తవ్వే ఖర్చు కూడా లేదు.

రెండో జవాబు రాసినవారు

మంచి ప్రశ్న అడిగారు. ఆ బంకమట్టిలో రేర్ ఎర్త్ అయాన్లు రేణువుల పైపైన అంటుకుని ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పారిస్తే చాలు, ఊడి వచ్చేస్తాయి. బూడిదలో అలా కాదు. 800 డిగ్రీలకు పైబడిన వేడిలో సగం కరిగి గాజులా గడ్డకట్టిన పదార్థం లోపల ఇవి చిక్కుకుని ఉంటాయి. ఎంత శాతం ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ రూపంలో ఉందన్నది ముఖ్యం.

లెక్క కూడా వేద్దాం. భూమి పైపొరలోనే రేర్ ఎర్త్‌లన్నీ కలిపి టన్నుకు 150 నుంచి 200 గ్రాముల దాకా ఉంటాయి. దుమ్ము, మట్టి, కొలిమి ఇటుకల పెచ్చులు కలిసిన బూడిదలో కొంత కనబడితే ఆశ్చర్యం లేదు. టన్నుకు 100 గ్రాములు అనుకుందాం. అందులో ఎక్కువ భాగం చవకగా దొరికే సీరియం, లాంథనమే. అదే టన్నులో సున్నం 200 కిలోలు ఉందనుకోండి. దాన్ని కరిగించడానికే 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 800 కిలోలు ఖర్చవుతుంది. పైన చెప్పిన ఆక్సాలిక్ యాసిడ్ కూడా రేర్ ఎర్త్‌లను మాత్రమే పట్టుకోదు. ఆమ్లత్వాన్ని జాగ్రత్తగా పట్టి ఉంచకపోతే సున్నంలోని కాల్షియం కూడా ఆక్సలేట్‌గా దిగుతుంది. చివరికి చేతికి మిగిలేది సీసం, కాడ్మియం కలిసిన యాసిడ్ నీళ్లు. వాటిని ఎక్కడ పోస్తారు?

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే ఆయన్ని మళ్లీ పిలిచి 50 కిలోవోల్టుల మోడ్‌లో గ్రాఫ్ చూపించమన్నాం సార్. 32 దగ్గర పెద్ద శిఖరం ఉంది. 34.7 దగ్గర ఏమీ లేదు, గీత చదునుగానే ఉంది. ఆయన మాత్రం ల్యాబ్‌లో చేయిస్తే వస్తుందంటున్నారు. చేయించాలా?

రెండో జవాబు రాసినవారు

అయితే ఆ 0.3 శాతం బేరియమే. ల్యాబ్‌కు పంపాలనుకుంటే పంపండి, ఖాయంగా తెలుస్తుంది. కానీ పద్ధతి మీరే అడిగి రాయించుకోండి. ఆక్వా రీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ల మిశ్రమం) చేస్తే గాజు భాగం కరగదు, లిథియం బోరేట్‌తో కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (అయాన్ల బరువును బట్టి మూలకాలను కొలిచే యంత్రం) చూడాలి. బూడిదను అగేట్ (ఒక రకం గట్టి రాయి) మిల్లులో నూరమనండి. జిర్కోనియా మిల్లులో యిట్రియం (ఇదీ రేర్ ఎర్త్‌ల గుంపులోదే) ఉంటుంది, అరిగి నమూనాలో కలుస్తుంది. బేరియం ఇంత ఉన్నప్పుడు బేరియం ఆక్సైడ్ అయాన్ల బరువు 151, 153 దగ్గర పడి యూరోపియం అనే రేర్ ఎర్త్‌లా కనబడుతుంది. ఆ దిద్దుబాటు చేశారో లేదో రిపోర్టులో ఉండాలి. అడుగు బూడిద, ఫ్లైయాష్ (పొగతో పాటు లేచే సన్న బూడిద) వేర్వేరు సంచుల్లో పంపండి. రేర్ ఎర్త్‌లు ఆవిరయ్యేవి కావు కాబట్టి ఏ కొంచెం ఉన్నా ఎక్కువగా అడుగు బూడిదలోనే దొరకాలి. జింకు, కాడ్మియం, సీసం క్లోరైడ్లుగా లేచి ఫ్లైయాష్‌లో చేరతాయి. డయాక్సిన్లు (చెత్త కాల్చినప్పుడు పుట్టే విషపదార్థాలు) కూడా ఎక్కువగా అక్కడే.

ఈ హడావుడిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది నమూనా తీసే మనిషి గురించి. స్టీలు సూదులు కొలిమిలో కరగవు, బూడిదలో యథాతథంగా ఉంటాయి. చేత్తో జల్లించనివ్వకండి. పొడవు పిడి పార, సూది దిగని గ్లవుజులు, ముఖానికి సరిగ్గా అతుక్కునే డస్ట్ మాస్క్ ఉండాలి. సీసాల మూతల అల్యూమినియం కరిగి ముద్దలుగా మిగులుతుంది. క్షారగుణమున్న బూడిద తడిసినా, యాసిడ్ తగిలినా ఆ లోహం నుంచి హైడ్రోజన్ వస్తుంది. కాబట్టి తడి బూడిదను మూత బిగించిన డ్రమ్ములో ఉంచకండి, ఒక కిలోతో కూడా యాసిడ్ ప్రయోగం చేయకండి. కొనేవాళ్లకు ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే లైసెన్స్ లేకపోతే ఒక్క బస్తా కూడా గేటు దాటనివ్వకండి.