గ్వాదలహారాలో మాంసం లేకుండా రోజువారీ తిండి ఎలా?

ప్రశ్న: ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారా వెళ్తున్నాను. శాకాహారిని. బయట తిండితో గడుస్తుందా, పప్పులు, పొడులు మోసుకెళ్లాలా?

జవాబు: కుక్కర్ ఒక్కటి తెచ్చుకోండి, చాలు. నేను ఇక్కడే ఉంటున్నాను, ఈ ఊరి తిండంటే నాకు ప్రాణం. ఇల్లు దొరకగానే దగ్గర్లో తోర్తియా (ఇక్కడి పల్చటి మొక్కజొన్న రొట్టె) దుకాణం ఎక్కడుందో చూసుకోండి. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బిన పిండితో చేసినవి కిలోల లెక్కన వేడివేడిగా కాగితంలో చుట్టి ఇస్తారు. సూపర్‌మార్కెట్ ప్యాకెట్లు కొనకండి, దయచేసి! వీధిలో వారానికోసారి తియాంగిస్ అనే సంత పెడతారు. ముళ్లు చెక్కేసిన నాగజెముడు, వానాకాలంలో గుమ్మడి పువ్వులు అక్కడే కొనాలి. తోర్తియాలో ఆ పువ్వులూ చీజూ పెట్టి, మడిచి కాల్చిన కెసాదియా తినకుండా ఈ దేశం గురించి ఏ అభిప్రాయానికీ రావద్దు. ఎండగా ఉంటే తెహుయినో తాగండి: పులిసిన మొక్కజొన్న పానీయం, ఉప్పు, పైన నిమ్మ ఐసు.

మరో జవాబు: ఒక జాగ్రత్త. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం తరచుగా ఉంటాయి. ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి, ఎవరూ విసుక్కోరు.

ప్రశ్నించినవారు: చాలా సంతోషం. కారం సంగతి?

జవాబు: సెర్రానో మిరపకాయలు మన పచ్చిమిర్చికి దగ్గరగా ఉంటాయి. చిలే దే ఆర్బోల్ అనే మిరపకాయలతో చేసే ఎర్రటి సల్సా (పచ్చడి) మాత్రం ముందు చుక్క వేసుకుని చూడండి. హోటల్లో లేచి వెళ్లేటప్పుడు పక్క బల్లవాళ్లకు ‘ప్రొవేచో’ (హాయిగా తినండి) అని చెప్పండి, ముక్కూమొహం తెలియకపోయినా నవ్వి బదులిస్తారు.