1923లో పుట్టిన మనిషి 1928 ఇండెక్సులో ఎందుకున్నాడు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని ల్యాంకషైర్, బర్న్‌లీ జిల్లా జననాల ఇండెక్సులో (నమోదైన జననాల పేర్ల పట్టికలో) ఒక పేరు రెండుచోట్ల కనిపిస్తోంది. 1923 జూన్ త్రైమాసికంలో తల్లి ఇంటిపేరు మీద ఉంది, పక్కన చేత్తో "సీ డి/28" (సీ అంటే చూడు) అని రాశారు. 1928 డిసెంబరులో అదే పేరు, అదే జిల్లా, తల్లి పుట్టింటి పేరూ అదే, కానీ ఇంటిపేరు వేరు. ఇద్దరా, ఒకరేనా? 1923కి ముందు తల్లిదండ్రుల పెళ్లి ఎక్కడా దొరకలేదు. ఏ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి?

జవాబు 1: ఒకరేనండి. డి అంటే డిసెంబరు త్రైమాసికం, 28 అంటే 1928. అక్కడ చూడమని గుమాస్తా రాసిన గుర్తు. అన్ని పేర్ల పక్కనా ఇది ఉండదు, మీకు అదృష్టం.

1927 జనవరి 1న ఇంగ్లండ్, వేల్స్‌లో లెజిటిమసీ చట్టం అమల్లోకి వచ్చింది. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులు ఆ తర్వాత పెళ్లి చేసుకుంటే చట్టబద్ధ సంతానం అవుతారు. పెళ్లయిన మూడు నెలల్లో జననాన్ని మళ్ళీ నమోదు చేయించాలి. చాలామంది ఆలస్యం చేశారు, కొందరు అసలు చేయించనే లేదు. ఇండెక్సు నడిచేది నమోదు తేదీని బట్టి, పుట్టిన తేదీని బట్టి కాదు. అందుకే అయిదేళ్లు ముందుకు పోయాడు.

పెళ్లిని 1928 డిసెంబరు నుంచి వెనక్కి వెతకండి. 1923కి ముందు వెతికితే దొరకదు.

తెప్పించుకోవాల్సింది 1928 నమోదు. అందులో పుట్టిన తేదీ, ఊరు పాతవే. తల్లి పేరు మాత్రం పెళ్లయిన ఇంటిపేరుతో, "ఫార్మర్లీ" (పూర్వం) అన్న మాట తర్వాత పుట్టింటి పేరుతో ఉంటుంది. చూడగానే అప్పటికే పెళ్లయిందనుకుంటాం. గుట్టు విప్పేది నమోదు తేదీ గడి: 1928 తేదీ, రిజిస్ట్రార్ జనరల్ (నమోదుల శాఖ పెద్ద) అనుమతితో నమోదు చేశామన్న మాట.

ప్రశ్న: 1923 నాటి మూల నమోదు కాపీ ఇస్తారా?

జవాబు 1: మామూలుగా కొత్త నమోదు కాపీయే ఇస్తారు. పాతది పుస్తకంలోంచి పోదు, మార్జిన్‌లో మళ్ళీ నమోదైన సంగతి రాస్తారు.

జవాబు 2: ఒక చిక్కు చెప్పాలి. పైన చెప్పిన లెజిటిమసీ చట్టం (1926లో చేసినది) ప్రకారం, బిడ్డ పుట్టినప్పుడు తల్లికో తండ్రికో వేరే భార్యో భర్తో ఉంటే తర్వాత పెళ్లి చేసుకున్నా బిడ్డకు ఆ హోదా రాదు. ఆ అడ్డు 1959 అక్టోబరు 29న తొలగింది. కాబట్టి 1930ల జననం 1960 ప్రాంతంలో మళ్ళీ నమోదై కనిపిస్తే, మొదటి పెళ్లి ఒకటి ఉండి ఉంటుందన్న అనుమానంతో వెతకండి. మీది 1928 కనుక ఆ అనుమానం అక్కర్లేదు.

జవాబు 3: రెండు ఇంటిపేర్లున్న ప్రతీదీ రీ-రిజిస్ట్రేషన్ (మళ్ళీ నమోదు) అనుకోకండి. 1875 నుంచి పెళ్లికాని జంట ఇద్దరూ కలిసొచ్చి సంతకం పెడితేనే తండ్రి పేరు రాసేవారు. అలాంటి బిడ్డ రెండు ఇంటిపేర్ల కిందా ఇండెక్సులో వస్తాడు. అప్పుడు త్రైమాసికం, వాల్యూమ్, పేజీ మూడూ ఒకటే. మీ దాంట్లో వేరు.

తప్పు దిద్దుబాటు ఇంకో రకం. అసలు రాత చెరపరు, మార్జిన్‌లో నంబరు వేసి సవరణ రాస్తారు. కొత్త నమోదు పుట్టదు. దత్తత అయితే పాత నమోదు మార్జిన్‌లో "అడాప్టెడ్" అని పడుతుంది, కొత్త వివరాలు దత్తత రిజిస్టరుకు పోతాయి. అదీ 1927 జనవరిలోనే మొదలైంది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు పూర్తి సర్టిఫికెటే అడగండి. చిన్న సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లే ఉండవు, డబ్బు దండగ.