షయేరా రాజీనామా చేసింది సరే, అంతటితో తప్పు తీరినట్టేనా?

కడప కుర్రోడు:
సూపర్‌హీరోల జట్టు కథ జస్టిస్ లీగ్ కార్టూన్ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నా. రెండో సీజన్ చివర్లో, 2004లో వచ్చిన "స్టార్‌క్రాస్డ్" మూడు భాగాలు నిన్న రాత్రి అయిపోయినాయి. చూడనోళ్లకు కథ ఇదీ: లీగ్‌లో ఉన్న హాక్‌గర్ల్, అంటే షయేరా, అసలు థనగార్ అనే వేరే గ్రహం సైన్యం పంపిన గూఢచారి. భూమి రక్షణ వివరాలన్నీ వాళ్లకు చేరవేసింది. వాళ్లు కడుతున్నది మనల్ని కాపాడే కవచం కాదని, అది పనిచేస్తే భూమే మిగలదని తెలిశాక సొంత సైన్యానికి ఎదురు తిరిగి లీగ్‌కు నిజం చెప్పేసింది. ఆఖర్లో ఆమెను ఉంచాలా వద్దా అని మిగతావాళ్లు ఓటేస్తారు. ఫలితం వినకుండానే రాజీనామా ఇచ్చి వెళ్లిపోతుంది. పదవి పోయింది, ప్రేమించిన జాన్ (లీగ్‌లోని గ్రీన్ లాంటర్న్) దూరమైనాడు, సొంత జాతి పోయింది. ఇంతకంటే పెద్ద ప్రాయశ్చిత్తం ఏముంటుందప్పా?

కర్నూలు నుంచి:
అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. మన పల్లెల్లో పంచాయితీ ఎట్లా జరుగుతుందో నీకు తెలియంది కాదు. తప్పు చేసినోడు అందరి ముందర కూర్చోవాలి, నష్టపోయినోళ్లు తిడుతుంటే వినాలి, పెద్దమనుషులు ఏం చెప్పినా తల వంచాలి. తీర్పు రాకముందే లేచి "నేనే ఊరిడిసి పోతా" అన్నోణ్ని ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే శిక్ష కూడా వాడే ఎంచుకున్నాడు కాబట్టి. షయేరా చేసింది అదే. ఆమె పంపిన వివరాల వల్ల లీగ్ మొత్తం బందీ అయింది, ఆ యంత్రాన్ని ఆపడానికి బ్యాట్‌మ్యాన్ ఏకంగా లీగ్ అంతరిక్ష స్థావరం వాచ్‌టవర్‌నే దానిమీద కూల్చాల్సి వచ్చింది. అంత జరిగాక ఆ గదిలో నిలబడి వాళ్ల మాట వినడం ఆమె బాధ్యత.

ఆమె నిజంగా మారింది తర్వాత, దీని కొనసాగింపు సిరీస్ "అన్‌లిమిటెడ్"లో వచ్చే "వేక్ ద డెడ్" ఎపిసోడ్ నుంచి. మాంత్రికుడు డాక్టర్ ఫేట్ ఇంట్లో తలదాచుకుని ఉంటుంది. చచ్చి లేచిన రాక్షసుడిలాంటి సాల్మన్ గ్రండీ ఇదివరకు చనిపోయేటప్పుడు పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది ఆమే, ఇప్పుడు ఆత్మే లేని మృగంలా లేచొచ్చిన వాణ్ని తన గదతో మళ్లీ చంపాల్సి వచ్చిందీ ఆమే. మంచిపేరు కోసం చేసే పని కాదది, చేసినోళ్లకే గుండె కోత. అయినా దాక్కున్న చోటు నుంచి బయటికొచ్చింది, తనను ద్రోహి అనుకునే జనం కళ్లముందే చేసింది. నాకు ప్రాయశ్చిత్తం అక్కడ కనపడింది, రాజీనామాలో కాదు.

కడప కుర్రోడు:
ఆ ఎపిసోడ్‌లోనే కదా సూపర్‌మ్యాన్ అసలు సంగతి బయటపెట్టేది, ఆమెను ఉంచుకోవాలని నిర్ణాయక ఓటు తనే వేశానని? అంటే లీగ్ అప్పుడే క్షమించేసింది. ఇంకా ఆమె ఎవరికి బాకీ?

కర్నూలు నుంచి:
ఓట్లలో గెలిస్తే క్షమించినట్టు కాదన్నా. "ద బ్యాలెన్స్" ఎపిసోడ్‌లో షయేరా, డయానా (వండర్ వుమన్) ఇద్దరూ కలిసి గ్రీకు పురాణాల పాతాళం టార్టరస్‌కు పోతారు, అప్పటికీ డయానాకు కోపం చల్లారలేదు. "హంటర్స్ మూన్"లో విజిలాంటే అనే లీగ్ హీరో షయేరాను అసలు నమ్మడు, అదీ ఆమె నాయకత్వంలో పనిచేస్తూనే! వాళ్ల కోపం తప్పని రచయితలు తేల్చెయ్యలేదు, ఆమె కూడా "నేను అన్నీ వదులుకున్నా కదా" అని ఎదురు వాదించుకుంటూ కూర్చోదు, పని చేసుకుంటూ పోతుంది. ఈ సిరీస్‌లో నాకు ప్రాణం పెట్టి నచ్చింది ఇదే. ఒక్క త్యాగం చేయించి, చప్పట్లు కొట్టించి, కథ ముగించలేదు.

అనంతపురం అమ్మాయి:
మీ ఇద్దరూ లీగ్ గురించే మాట్లాడుతున్నారు. థనగార్ వాళ్లు మార్షల్ లా పెట్టినప్పుడు వీధుల్లో సైనికులను చూసి భయపడి బతికింది మామూలు జనం. వాళ్లకు ఓటేదీ? ఆమెను తీసుకోవాలా వద్దా అన్నది ఆమె స్నేహితులే ఓ ఇంట్లో కూర్చుని తేల్చుకున్నారు. జాన్ బాధకు ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు ఇచ్చారు, అతని కొత్త ప్రియురాలు విక్సెన్‌ను మధ్యలో పెట్టి మరీ సాగదీశారు. ఆ జనం వైపు నుంచి ఒక్క కథైనా పూర్తిగా చెప్పి ఉంటే, ఆమె క్షమాపణ ఎవరికి చెప్పుకోవాలో మనకు ఇంత వాదన ఉండేది కాదు. కర్నూలు అన్న చెప్పిన పంచాయితీలో అయినా నష్టపోయినోళ్లను ముందు కూర్చోబెడతారు కదా.